ఇంటర్వెల్ కబుర్లు: కెమెరా రాని రోజు

మా మావయ్య అబద్ధమాడే మనిషి కాదు. కొట్టువాడు పొరపాటున పది రూపాయలు ఎక్కువిస్తే ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చే రకం. అటువంటి మావయ్య ఒక్క విషయంలో మాత్రం ఏళ్ళ తరబడి పచ్చి అబద్ధం ఆడుతున్నాడు. అదీ తడబాటన్నది లేకుండా!

2021 డిసెంబరులో '83' బొమ్మ విడుదలైంది, గుర్తుందా? కబీర్ ఖాన్ తీసిన హిందీ బొమ్మ. తెలుగులోకి కూడా మార్చారు. కపిల్ దేవ్ వేషం రణ్ వీర్ సింగ్ కట్టాడు. తెనాలిలో ఒక హాలుకి మావయ్యని తీసుకెళ్ళాను. హాలు సగమే నిండింది. మావయ్య మాత్రం ముందు వరస కుర్రాళ్ళతో సమానంగా ఈలలు వేశాడు. బొమ్మ అయ్యాక ఎదురుగా ఉన్న బడ్డీ దగ్గర టీ తాగుతుంటే అన్నాడు కదా:

"బాగానే తీశాడ్రా. కానీ ఆ రోజు టీవీలో నేను చూసిన ఆట ముందు ఇదేపాటి?"

"ఏ రోజు మావయ్యా?"

"అదేరా! జింబాబ్వే మీద కపిల్ 175 కొట్టిన రోజు. పదిమందిమి ఒకచోట చేరి చూశాం."

నాకు టీ గొంతు దిగలేదు. ఎందుకంటే ఆ ఆటని టీవీలో చూసినవాడు ఈ భూప్రపంచంలో ఒక్కడంటే ఒక్కడు లేడు. ఉండటానికి వీల్లేదు. ఆ రోజు అక్కడ టీవీ కెమెరానే లేదు!

తొమ్మిదికి నాలుగు!

1983 జూన్ 18. ఇంగ్లండులో టన్ బ్రిడ్జ్ వెల్స్ అనే చిన్న ఊరు. ప్రపంచ కప్పులో ఇండియాకీ జింబాబ్వేకీ మ్యాచ్. అదే రోజు లండన్ లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్, ఆస్ట్రేలియా ఆడుతున్నాయి. బిబిసి సిబ్బంది సమ్మెలో ఉన్నారని కొందరంటారు. కాదు, కెమెరాలన్నీ పెద్ద ఆటలకి పోయాయి, చిన్న ఆటని ఎవరూ పట్టించుకోలేదని ఇంకొందరంటారు. కారణం ఏదైతేనేం, చిన్న ఊరికి కెమెరా రాలేదు. అసలు సీను అక్కడే జరిగింది!

ఇండియా ముందు బ్యాటింగుకి దిగింది. గవాస్కర్ సున్నా. శ్రీకాంత్ సున్నా. మొహిందర్ అమర్ నాథ్ 5. సందీప్ పాటిల్ 1. స్కోరు 9, పోయిన వికెట్లు 4! కెప్టెన్ గారు ఆ సమయానికి స్నానం చేస్తున్నాడనీ, బయటి నుంచి తలుపు బాది మరీ ఒక్కొక్క వికెట్టు పోయిన కబురు చెప్పారనీ ఓ కథ ఉంది. ఒళ్ళు తుడుచుకుని పరుగెత్తుకొచ్చిన కపిల్ క్రీజులో నిలబడ్డ కాసేపటికే యశ్ పాల్ శర్మ కూడా వెళ్ళిపోయాడు. 17కి 5. ఈ ఆట ఓడితే సెమీ ఫైనల్ ఆశ దాదాపు గల్లంతే.

మామూలు కెప్టెన్ అయితే ఏం చేస్తాడు? "ఇవాళ మనది కాదు" అనుకుంటాడు. ఈయన మాత్రం మొదట తొందరపడకుండా రోజర్ బిన్నీని తోడు తీసుకుని 60 పరుగులు చేర్చాడు. బిన్నీ పోయాక రవి శాస్త్రి పోయాడు. మదన్ లాల్ కాసేపు నిలబడ్డాడు. ఆఖరికి వికెట్ కీపర్ కిర్మాణీ వచ్చాడు. ఇద్దరూ విడిపోకుండా 126 పరుగులు కలిపారు. అందులో కిర్మాణీవి 24. మిగతా లెక్క మీరే వేసుకోండి!

కపిల్ దేవ్ 175 నాటవుట్. 138 బంతులు, 16 ఫోర్లు, 6 సిక్సర్లు. అప్పటికి వన్ డే ఆటల్లో అదే ప్రపంచ రికార్డు. ఇండియా 60 ఓవర్లలో 266. జింబాబ్వే 235కి అవుటయింది. మనం 31 పరుగులతో గట్టెక్కాం.

ఏడు రోజుల తర్వాత, జూన్ 25న, లార్డ్స్ లో వెస్టిండీస్ ని 140కి కూల్చి మనవాళ్ళు కప్పు ఎత్తారు. మనం కొట్టింది 183. ఆ ఆట వీడియో ఉంది. వెనక్కి పరుగెత్తుతూ రిచర్డ్స్ క్యాచ్ కపిల్ పట్టడం ఎన్నిసార్లయినా చూడొచ్చు. కానీ ఆ కప్పుకి దారి తీసిన 175 మాత్రం… లేదు. ఫోటోలున్నాయి, స్కోరు కాగితం ఉంది, చూసినవాళ్ళ మాట ఉంది. బొమ్మ లేదు!

'83'లో ఆ ఇన్నింగ్సుని మళ్ళీ సృష్టించినప్పుడు ఒక చిత్రం చేశారు. తెర మీద రణ్ వీర్ బాదుతుంటే, జనంలో కూర్చున్న ప్రేక్షకుల్లో అసలు కపిల్ దేవ్ కనిపిస్తాడు. తన సీనుకి తనే ప్రేక్షకుడు! ఆ క్షణాన హాల్లో మావయ్య ఈల ఆగిపోయింది.

రొట్టెలు చాలవన్న కుర్రాడు

"సినిమా పత్రికలో క్రికెట్టు గోలేమిటి గురూ?" అనకండి. హీరో ఎవరు అన్న ప్రశ్న మన పేజీలదే కదా! కపిల్ జీవితం చూస్తే ఆ ప్రశ్నకి నాకో జవాబు దొరికింది. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

కపిల్ 1959 జనవరి 6న చండీగఢ్ లో పుట్టాడు. తండ్రిది కలప వ్యాపారం. ఆ రోజుల్లో క్రికెట్టంటే బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, హైదరాబాదు. హర్యానా నుంచి ఆటగాడు వస్తాడని ఎవరూ అనుకోలేదు. దేశ్ ప్రేమ్ ఆజాద్ అనే గురువు దగ్గర కుర్రాడు ఆట నేర్చాడు. 1975లో, పదహారేళ్ళ వయసులో, హర్యానా తరఫున ఆడిన మొదటి మ్యాచ్ లోనే పంజాబ్ మీద 6 వికెట్లు తీశాడు.

కుర్రకారు శిక్షణ కోసం బొంబాయిలో ఒక క్యాంపు పెట్టారు. అక్కడ భోజనానికి పెట్టిన రొట్టెలు మనవాడికి చాలలేదు. వెళ్ళి అడిగాడు… ఫాస్ట్ బౌలర్ని, ఈ తిండి సరిపోదు అని. అక్కడి పెద్దమనిషి నవ్వేశాడట. ఇండియాలో ఫాస్ట్ బౌలర్లన్నవాళ్ళే లేరు కదా అని! ఈ ముచ్చట కపిలే తర్వాత చాలాసార్లు చెప్పాడు.

ఆ పెద్దమనిషిది ఎగతాళే గానీ అబద్ధం కాదు సుమండీ. అప్పటి మన జట్టులో కొత్త బంతి అంటే నున్నదనం పోయేదాకా నేలకేసి రుద్దే వస్తువు. నాలుగు ఓవర్లు ఎవరో ఒకరు వేస్తే, ఆ తర్వాత స్పిన్నర్ల చేతికి వెళ్ళేది. గవాస్కర్ అంతటి బ్యాట్స్ మన్ కూడా టెస్టుల్లో మొదటి ఓవర్లు వేసిన రోజులున్నాయి. అలాంటి జట్టులోకి 1978 అక్టోబరులో, పాకిస్తాన్ ఫైసలాబాదులో, పందొమ్మిదేళ్ళ కపిల్ వచ్చాడు. అతని బౌన్సర్ చూసి సాదిక్ మహమ్మద్ హెల్మెట్ తెప్పించుకున్నాడంటారు. ఇండియా బౌలర్ని చూసి హెల్మెట్ అడగటం! అది ఒక వికెట్టు కన్నా పెద్ద సంగతి.

1981 ఫిబ్రవరిలో మెల్ బోర్న్. ఆస్ట్రేలియా గెలవాలంటే 143 కొట్టాలి. కపిల్ తొడ కండరం పట్టేసి ముందు రోజు సాయంత్రం బంతి పట్టలేదు. మర్నాడు నొప్పికి మందు వేయించుకుని వచ్చి 28 పరుగులకి 5 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 83కి అవుట్! డూపుని పెట్టుకోవడానికి వీల్లేని ఫైటు అది.

ఇంగ్లీషు రాని కెప్టెన్

1983 ఆరంభంలో వెస్టిండీస్ వెళ్ళే జట్టుకి కపిల్ ని కెప్టెన్ చేశారు. వయసు 24. అప్పట్లో కెప్టెనంటే ఆట ఒక్కటే చాలదు, దొరలతో సమంగా ఇంగ్లీషు దంచాలి అనుకునేవారు. కపిల్ ఇంగ్లీషు అంతంత మాత్రం. అది ఆయనే ఎన్నడూ దాచలేదు. వెటకారాలు బాగానే నడిచాయి. ఆయన ఏం చేశాడు? 'రాపిడెక్స్' ఇంగ్లీషు పుస్తకం ప్రకటనల్లో తనే బొమ్మై నిలబడ్డాడు! నాకు రాదు, నేర్చుకుంటున్నాను, మీరూ నేర్చుకోండి అన్నట్టు.

నవ్వకండి. తెలుగు మీడియం చదివిన నాలాంటివాడికి అది చాలా పెద్ద విషయం. డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్ళాను. పేరెందుకులెండి. అడిగినవన్నీ తెలిసినవే. జవాబు కూడా తెలుసు. నోట్లోంచి ఇంగ్లీషు మాత్రం రాలేదు. బల్ల అవతల ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు. ఉద్యోగం పోతే పోయింది గానీ ఆ నవ్వు పోలేదు, ఇప్పటికీ. ఆ రాత్రి మావయ్య ఇంట్లో పాత పుస్తకాల కట్ట విప్పి రాపిడెక్స్ నా చేతిలో పెట్టాడు. "ఇది చదివితే నీకు ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలీదురా. కానీ సిగ్గుపడకు. ప్రపంచ కప్పు ఎత్తినవాడే సిగ్గుపడలేదు" అన్నాడు. అంతే. ఇంకేం చెప్పలేదు.

అన్నట్టు, 1983లో ఆ జట్టుకి మేనేజర్ మన హైదరాబాదు మనిషి, పి.ఆర్. మాన్ సింగ్. '83'లో ఆయన వేషం పంకజ్ త్రిపాఠి వేశాడు. అంతకు ముందు జరిగిన రెండు ప్రపంచ కప్పుల్లో కలిపి మనవాళ్ళు గెలిచింది ఒకే ఒక్క ఆట, అదీ ఈస్ట్ ఆఫ్రికా మీద. గెలుస్తామన్న నమ్మకం ఎవరికీ లేదు. కపిల్ కి మాత్రం ఉంది. దానికి కారణమూ ఉంది. ఆ మార్చిలోనే వెస్టిండీస్ గడ్డ మీద, బెర్బిస్ అనే చోట, వెస్టిండీస్ నే ఒక వన్ డేలో ఓడించి వచ్చాడు. గవాస్కర్ 90, తను 38 బంతుల్లో 72. ఒకసారి ఓడించినవాణ్ణి రెండోసారి ఓడించలేమా అన్నది ఆయన లెక్క.

అన్నీ తానే అయితే…

రామారావు గారు 1977లో 'దానవీరశూరకర్ణ' తీశారు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, మూడు వేషాలూ ఆయనే. ఆల్ రౌండర్ కెప్టెన్ అంటే అదీ! బంతి వెయ్యాలి, బ్యాటు పట్టాలి, క్యాచ్ పట్టాలి, పదిమందినీ నడపాలి. బొమ్మ ఆడితే అందరూ దండ వేస్తారు. ఆడకపోతే? నష్టమూ ఒక్కడిదే!

కపిల్ కి ఆ రెండో సంగతి తెలియడానికి అయిదు నెలలు కూడా పట్టలేదు. ప్రపంచ కప్పులో ఓడిన వెస్టిండీస్ పగ తీర్చుకోవడానికి మన దేశం వచ్చింది. 1983 నవంబరు, అహ్మదాబాదు మొతేరా మైదానం. రెండో ఇన్నింగ్సులో కపిల్ ఒక్కడే 83 పరుగులకి 9 వికెట్లు తీశాడు. పదింట తొమ్మిది! అయినా ఏమైంది? మనవాళ్ళు 103కి అవుటై 138 పరుగులతో ఓడిపోయారు. సిరీస్ ముగిసేసరికి టెస్టులు 3-0, వన్ డేలు 5-0. కప్పు ఎత్తిన చేతులకే సంకెళ్ళు పడ్డట్టయింది. కెప్టెన్సీ తీసి మళ్ళీ గవాస్కర్ కి ఇచ్చారు.

1984 డిసెంబరులో ఇంగ్లండ్ తో ఢిల్లీ టెస్టు. ఆట నిలబెట్టవలసిన వేళ కపిల్ బంతిని గాల్లోకి లేపి అవుటయ్యాడు. ఇండియా ఓడింది. తర్వాతి కలకత్తా టెస్టులో జట్టు నుంచే తీసేశారు. 1978 నుంచి 1994 దాకా ఆయన ఆడకుండా పోయిన టెస్టు అదొక్కటే. దెబ్బ తగిలి ఒక్క టెస్టూ మానలేదు. ఫాస్ట్ బౌలర్ విషయంలో ఇది మాటలు కాదు. ఇక్కడ మనకో ముచ్చట ఉంది… కపిల్ లేని ఆ కలకత్తా టెస్టులోనే మన హైదరాబాదు కుర్రాడు ఒకడు మొదటిసారి ఆడి 110 కొట్టాడు. పేరు మహమ్మద్ అజహరుద్దీన్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1985లో కెప్టెన్సీ తిరిగి వచ్చింది. 1986 జూన్ లో లార్డ్స్ లో ఇండియా మొట్టమొదటిసారి టెస్టు గెలిచింది. గెలుపు పరుగు కపిల్ సిక్సర్! ఆ సిరీస్ 2-0తో మనది. అదే ఏడు సెప్టెంబరులో మద్రాసులో ఆస్ట్రేలియాతో టెస్టు 'టై' అయింది. టెస్టుల చరిత్రలో రెండోసారి. అందులో కపిల్ ది 119.

ఇక 1987. ప్రపంచ కప్పు మన దేశంలోనే. మొదటి ఆట మద్రాసులో ఆస్ట్రేలియా మీద. డీన్ జోన్స్ కొట్టిన ఒక బంతి ఫోరా, సిక్సా అని తగాదా వచ్చింది. ఫోరే ఇచ్చారు. ఇన్నింగ్స్ అయ్యాక ఆస్ట్రేలియా వాళ్ళు మళ్ళీ అడిగితే, సరే సిక్సే అనుకోండి అని కపిల్ ఒప్పుకున్నాడు. 268 కాస్తా 270 అయింది. మనం కొట్టింది 269. ఒక్క పరుగుతో ఓటమి! ఆ రెండు పరుగులు ఇవ్వకపోతే ఏమయ్యేదో మీరే చెప్పండి. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు, ఒట్టు.

నవంబరు 5న బొంబాయి వాంఖడేలో ఇంగ్లండ్ తో సెమీ ఫైనల్. 255 కొట్టాలి. కపిల్ 30కి చేరి జోరు మీదున్నాడు. హెమ్మింగ్స్ అనే స్పిన్నర్ బంతిని లేపాడు. మైదానం అంచున గాటింగ్ చేతిలో పడింది. 35 పరుగులతో ఓడిపోయాం. తప్పంతా ఆ షాటుదే అన్నారు. కెప్టెన్సీ పోయింది. మళ్ళీ రాలేదు.

లెక్క చూద్దామా? కెప్టెన్ గా 34 టెస్టులు. గెలిచింది 4. ఓడింది 7. ఒక టై. మిగతా 22 డ్రా. మార్కులు వేసే మాస్టారైతే ఎర్ర సిరాతో గీత గీస్తాడు.

తలుపు మూశాక

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను. మన సినిమాల్లో ఎన్ని చూడలేదు? హీరో వేషాలు తగ్గాక అన్న వేషం ఇస్తే అలిగి ఇంట్లో కూర్చున్నవాళ్ళున్నారు. కపిల్ కి అప్పటికి 28 ఏళ్ళు. ఎత్తిన కప్పు ఉంది, పేరుంది, వ్యాపార ప్రకటనలున్నాయి. అలగడానికి కావలసినవన్నీ ఉన్నాయి. అలగలేదు. నిన్నటి దాకా తన కింద ఆడినవాళ్ళే కెప్టెన్లయ్యారు. వాళ్ళు బంతి ఇస్తే వేశాడు. ఎండలో, ప్రాణం లేని పిచ్ ల మీద, ఇంకో ఆరేళ్ళు!

తర్వాత జరిగినవి చూడండి. సినిమా రచయిత రాస్తే "మరీ కల్పనండీ" అంటాం.

1990 జులై, లార్డ్స్. కెప్టెన్ అజహరుద్దీన్. ఇంగ్లండ్ 653 కొట్టింది, గూచ్ ఒక్కడివే 333. ఫాలో ఆన్ తప్పాలంటే మనకి ఇంకా 24 పరుగులు కావాలి. చేతిలో ఒక్క వికెట్టు. అవతలి కొసన హిర్వాణీ. బ్యాటింగ్ అంటే ఆయనకి ఆమడ దూరం. బౌలర్ ఎవరనుకున్నారు? హెమ్మింగ్స్! వాంఖడేలో కపిల్ ని పడేసిన అదే హెమ్మింగ్స్. సిక్స్. సిక్స్. సిక్స్. సిక్స్. వరసగా నాలుగు! 24 పరుగులు పూర్తి. ఆ వెంటనే హిర్వాణీ అవుటైపోయాడు. ఆ టెస్టు మనం ఓడిపోయాం, అది వేరే సంగతి. 1987లో ఏ షాటుని తిట్టారో, మూడేళ్ళ తర్వాత అదే షాటుకి చప్పట్లు కొట్టారు. మనిషి మారలేదు. బంతి ఎక్కడ పడిందన్నదే మారింది.

1991 మే, వాంఖడే. హర్యానా కెప్టెన్ గా కపిల్ రంజీ ఫైనల్ కి వచ్చాడు. ఎదురుగా బొంబాయి. ఆఖరి వికెట్టు పడేసరికి హర్యానా గెలుపు 2 పరుగులతో! కపిల్ తర్వాత ఇండియా కెప్టెన్ అయిన వెంగ్ సర్కార్ బొంబాయి తరఫున 139 నాటవుట్ గా నిలిచి, గెలిపించలేక కన్నీళ్ళు పెట్టుకున్నాడు. హర్యానా మొట్టమొదటిసారి రంజీ ఎత్తింది. నాలుగేళ్ళ కిందట తల వంచుకుని నడిచిన మైదానమే అది.

1992 డిసెంబరు, దక్షిణాఫ్రికాలో పోర్ట్ ఎలిజబెత్. 31కి 6 వికెట్లు. మళ్ళీ టన్ బ్రిడ్జ్ వెల్స్ లాంటి స్థితే. కపిల్ వచ్చి 129 కొట్టాడు. జట్టు మొత్తం చేసింది 215. ఈసారి కెమెరాలు బోలెడున్నాయి. కానీ ఆట ఓడిపోయాం. అందుకే ఆ 129 సంగతి ఇవాళ ఎవరికీ పట్టదు. చూశారా తమాషా! కెమెరా లేని 175ని అందరూ 'చూశాం' అంటారు. కెమెరా పట్టిన 129ని ఎవరూ చూడలేదు.

1994 ఫిబ్రవరి 8, అహ్మదాబాదు మొతేరా. 9 వికెట్లు తీసి ఓడిపోయిన అదే చోటు. కెప్టెన్ మళ్ళీ మన అజహరే. శ్రీలంక ఆటగాడు తిలకరత్నె క్యాచ్ ని సంజయ్ మంజ్రేకర్ పట్టాడు. అది కపిల్ 432వ వికెట్టు. న్యూజిలాండ్ హాడ్లీ పేరు మీదున్న ప్రపంచ రికార్డు మనదైంది. ఆకాశంలోకి బెలూన్లు ఎగరేశారు. ఫాస్ట్ బౌలర్లే లేరన్న దేశం నుంచి, రొట్టెలు చాలవన్న కుర్రాడు!

ఆ ఏడే ఆట చాలించాడు. 131 టెస్టులు, 434 వికెట్లు, 5248 పరుగులు. 184 టెస్టు ఇన్నింగ్సుల్లో ఒక్కసారి కూడా రనవుట్ కాలేదు. ఈ ఆఖరి అంకె నాకు చాలా ఇష్టం. పరుగెత్తడానికి ప్రతిభ అక్కర్లేదు. ప్రతిసారీ పరుగెత్తాలి, అంతే.

కెమెరా ఆయనకి బాకీ తీర్చిందా అంటే… తీర్చింది, మరో రకంగా. 2000 సంవత్సరంలో ఒక పాత సహచరుడు ఆయన మీద మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ చేశాడు. టీవీ ఇంటర్వ్యూలో కపిల్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ ఏడ్పు దేశమంతా చూసింది. తర్వాత సిబిఐ తన నివేదికలో ఆయన మీద నమ్మదగిన సాక్ష్యం లేదని తేల్చింది. ఆ కాగితాన్ని ఎంతమంది చదివారో! 2002లో విజ్డెన్ వాళ్ళు ఆయన్ని శతాబ్దపు భారత క్రికెటర్ గా ఎన్నుకున్నారు. 175ని పట్టుకోని కెమెరా, కన్నీళ్ళని మాత్రం దగ్గరగా పట్టుకుంది.

అందుకే హీరో ఎవరంటే నా జవాబు ఇదీ. లైట్లు పడ్డప్పుడు బాగా చేసేవాడు నటుడు. లైట్లు ఆరిపోయాక, వేషం చిన్నదైపోయాక, చూసేవాడు లేనప్పుడు కూడా అదే పని అదే కష్టంతో చేసేవాడు హీరో.

మావయ్య ఒప్పుకున్నాడు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి అడిగేశాను. "మావయ్యా, ఆ మ్యాచ్ వీడియోనే లేదట. అసలు కెమెరానే రాలేదు. మరి నువ్వెలా చూశావ్?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అరిసె తుంచుకుంటూ కాసేపు ఊరుకున్నాడు.

"పేపర్లో చూశాంరా. లైబ్రరీ మెట్ల మీద. పేపరు ఒక్కటే, మేం పదిమందిమి. ఒకడు స్కోరు పైకి చదివేవాడు. గవాస్కర్ సున్నా… శ్రీకాంత్ సున్నా… మేం తల పట్టుకునేవాళ్ళం. గెలిచామని తెలుసు, అయినా భయమే. ఆ పేపరు ఎన్నిసార్లు చదివించుకున్నామో! బంతి ఎటు పోయిందో, సిక్సర్ ఎక్కడ పడిందో అన్నీ మేమే అనుకున్నాం. ఇన్నేళ్ళయ్యాక ఏది చదివానో, ఏది చూశానో నాకే తెలీదు." అని ఒక్క క్షణం ఆగి, "అయినా నేను చూశాన్రా" అన్నాడు.

ఈసారి నేను కాదనలేదు.

మీ ఇంట్లో కూడా ఆ 175ని 'చూసిన' మావయ్యలో, బాబాయిలో ఉండే ఉంటారు. వాళ్ళేం చూశారో అడిగి నాకు రాయండి. అబద్ధమైనా ఫరవాలేదు, సీను బాగుంటే చాలు! వచ్చే వారం మళ్ళీ మన సినిమా కబుర్లే. ఉంటాను మరి!